మొరాయించడం రాని ల్యాప్‌టాప్

సూర్యాపేట,
బుధవారం.

చిరంజీవి గిరిధర్‌ను మేనత్త లీలావతి ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. ల్యాప్‌టాప్ ఒక్కటే క్షేమంగా లేదు. దాన్ని మందుల వ్యాన్ నడిపే మంగ్త్యాతో కోదాడకు పంపుతున్నాను. వాడు రోజూ నీ కంప్యూటర్ల షాపు ముందునుంచే పోతాడు. సంచిలోనే ఈ ఉత్తరం పెట్టాను. నీ జవాబు కూడా వాడి చేతికే ఇవ్వు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటని నవ్వకు. పెళ్లి సంబంధాలు చూసే ఇంట్లో వరండా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. "ల్యాప్‌టాప్ పాడైంది" అని ఫోన్‌లో అన్నానంటే సాయంత్రానికి పేటంతా పాకుతుంది. వాట్సాప్‌లో పెడదామంటే నా ఫోన్ మీ మామ చేతిలోనే ఉంటుంది. పెళ్లికొడుకుల ఫొటోలు చూసి ఒక్కొక్కరికీ మార్కులేస్తూ కూర్చుంటాడు.

దాని సంగతి చెప్తా విను. మూత నిలబడదు, వెనక పిండి డబ్బా ఆనించాలి. ఫ్యాన్ తిరిగితే మిర్యాలగూడలో మీ నాయన రైస్ మిల్లు గుర్తొస్తుంది. మా అమ్మాయి భావన ఐదో తరగతిలో ఉండగా కొన్నది, ఇప్పుడు అది బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఇగ కొత్తది కొనక తప్పదు. మంచిది చూసి నువ్వే తెప్పించు.

అయితే ఒక్క మాట. కొత్తదాంట్లో నా పాత జాతకాల సాఫ్ట్‌వేరే ఉండాలి. అబ్బాయి పుట్టిన తేదీ, అమ్మాయి పుట్టిన తేదీ కొడితే ముప్పై ఆరు గుణాల్లో ఎన్ని కలిశాయో చెప్పేది అదే. పద్దెనిమిది గుణాలు దాటితే చాలు, పెళ్లి చేసుకోవచ్చు. పేటలో సగం పెళ్లిళ్లు దాని నోటి మాటతోనే అయ్యాయి. అది లేకపోతే నన్ను అడిగే దిక్కుండదు. వేరేది, కొత్తది, ఇంకా మంచిది అని నాకు చెప్పకు.

ఇట్లు,
మీ అత్త,
లీలావతి.

తా.క.: మీ నాయన నిన్న ఫోన్ చేసి, "వానికి ముప్పై నిండుతున్నయి లీలా, నీ ల్యాప్‌టాప్ల పెట్టి జర ఏదన్న సూడు" అన్నాడు. బాగై వచ్చాక మొదటి బోణీ నీ పెళ్లే. కాబట్టి స్క్రూలు జాగ్రత్తగా విప్పు.


కోదాడ,
శుక్రవారం.

పూజ్యులైన లీలావతి అత్తమ్మకు గిరిధర్ నమస్కారాలు.

పేషెంటు క్షేమంగా చేరింది. విప్పి చూస్తే లోపల పిడికెడు బియ్యం గింజలున్నాయి, పసుపు రంగువి. నా దగ్గర పదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతున్న ఫకీరా, "సాబ్, ఇది ల్యాప్‌టాపా, పులిహోర డబ్బానా?" అన్నాడు. ఫ్యాన్ మోగేది అందుకే. అత్తమ్మా, ఇవి ఎలా వెళ్లాయి?

సాఫ్ట్‌వేర్ విషయం కొంచెం చిక్కుగా ఉంది. అది చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. ఈ కాలపు ల్యాప్‌టాప్‌లో వేస్తే తెరుచుకోవడం లేదు. పాతకాలం నాటి విండోస్ ఉంటేనే లేస్తుంది. ఏదో ఒక ఉపాయం చేస్తాను, నాలుగు రోజులు ఆగండి.

ఇక నా సంగతి. ఎదురుగా చెప్పలేక ఉత్తరంలో రాస్తున్నాను. హుజూర్‌నగర్‌లో గీతాంజలి అని ఒక అమ్మాయి ఉంది. సొంతంగా జిరాక్స్ సెంటర్ నడుపుతుంది, ప్రింటర్ ఇంకు నా దగ్గరే కొంటుంది. వాళ్ల నాన్నది విత్తనాల కొట్టు. మన వాళ్లే. ఏడాదిగా మేమిద్దరం ఒక మాట మీద ఉన్నాం. ఇంట్లో చెప్పమని ఆమె అడుగుతూనే ఉంది, నాన్న ముందు నిలబడితే నాకు నోరు రాదు. పోయిన నెల పండక్కి వెళ్లి మూడు రోజులున్నాను, బియ్యం ధరల గురించే మాట్లాడి వచ్చాను.

నాన్న దేవుడి మాటైనా కాదంటాడేమో కానీ మీ ల్యాప్‌టాప్ మాట కాదనడు. ఆమె పుట్టిన తేదీ, సమయం వేరే చీటీలో రాసి పెడుతున్నాను. మీరే ఎక్కడినుంచో తెచ్చిన సంబంధంలాగా నాన్నకు చెప్పి, కలిసిందని ఒక్క మాట అనండి. నా జీవితం మీ చేతిలో ఉంది.

మీ అల్లుడు,
గిరిధర్.

తా.క.: మీ జీవితం నా చేతిలో ఉంది, స్క్రూలతో సహా.


సూర్యాపేట,
శనివారం.

చిరంజీవి గిరిధర్‌కు అత్త ఆశీస్సులు.

అవి బియ్యం గింజలు కావు, అక్షింతలు. సంబంధం కుదిరినప్పుడల్లా ల్యాప్‌టాప్ మీద రెండు గింజలు వేస్తాను. మనిషికి చదివింపులిస్తాం, దానికి రెండు గింజలు వేస్తే తప్పా? పారేయకు, ఒక కవర్‌లో పెట్టి పంపు. ఆ ఫకీరాకు చెప్పు, పులిహోర చేసుకునేది కాదని.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. మీ మామ నోరు ఊరుకోక, ల్యాప్‌టాప్‌ను కోదాడలో చూపిస్తున్నామని ఎవరితోనో అన్నాడట. నిన్నటినుంచి పరామర్శకు వస్తున్నారు. "ఎట్లున్నదమ్మ ఇప్పుడు? మాట్లాడుతున్నదా?" అని ఒకామె. పెన్‌పహాడ్ నుంచి సుగుణమ్మ వచ్చి బత్తాయిలు ఇచ్చిపోయింది. ఆమె మనవరాలి సంబంధం అందులోనే ఆగి ఉంది పాపం. బత్తాయిలు మీ మామే తిన్నాడు.

హుజూర్‌నగర్ అమ్మాయి చీటీ అందింది. అమ్మాయి సంగతి ల్యాప్‌టాప్ వచ్చాక చూద్దాం. అది చూడందే నేను ఎవరికీ మాట ఇవ్వను, నీకైనా సరే. మీ నాయన ముందు నోరు రాదంటున్నావు, మరి షాపులో బేరం ఎట్లా చేస్తున్నావు?

నాలుగు రోజులు అన్నావు. నాలుగే.

మీ అత్త,
లీలావతి.

తా.క.: దాంట్లో పాత సంబంధాల వివరాలు ఉంటాయి, చదవకు. కొందరివి చదివితే మళ్లీ ఎదురుపడ్డప్పుడు నవ్వాపుకోవడం కష్టం.


కోదాడ,
బుధవారం.

పూజ్యులైన అత్తమ్మకు నమస్కారాలు.

మంగ్త్యా చేతికి రెండు ల్యాప్‌టాప్‌లు పంపుతున్నాను. ఒకటి మీ పాతది. శుభ్రం చేసి, మూత బిగించాను, ఇక పిండి డబ్బా అక్కర్లేదు. అక్షింతలు కవర్‌లో ఉన్నాయి.

రెండోది కొత్తది. దాని లోపల ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు ఏర్పాటు చేశాను. మీ జాతకాల సాఫ్ట్‌వేర్ తాను ఇంకా పాత ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాననుకుని హాయిగా పనిచేస్తోంది. పాత వివరాలన్నీ అందులోకి ఎక్కించాను. మూత తీసిన క్షణంలో తెరుచుకుంటుంది, కరెంటు పోయినా పూట గడుస్తుంది. పక్కనే ఇంకో కొత్త జాతకాల సాఫ్ట్‌వేర్ కూడా వేశాను. వాడినా వాడకపోయినా మీ ఇష్టం.

పనిచేస్తుందో లేదో చూడటానికి ఊరికే కొన్ని పేర్లు కొట్టి చూశాను. వాటిని చెరిపేద్దామంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో చెరిపే మీటే లేదు. అత్తమ్మా, ఆ పేర్లను దయచేసి పట్టించుకోకండి.

అన్నట్టు, నాకూ గీతాంజలికీ ఇరవై ఏడు గుణాలు వచ్చాయి. ఇక నాన్నతో మాట్లాడండి.

మీ అల్లుడు,
గిరిధర్.

తా.క.: ఆ సాఫ్ట్‌వేర్ గురించి మీతో ఒక మాట చెప్పాలి. తొందరేం లేదు. ఎప్పుడైనా కలిసినప్పుడు చెప్తాను. అసలు చెప్పకపోయినా ఫర్వాలేదు.


సూర్యాపేట,
గురువారం.

చిరంజీవి, కాబోయే ఇంటల్లుడు గిరిధర్‌కు ఆశీస్సుల మీద ఆశీస్సులు.

ఎంత దాచావురా! కొత్త ల్యాప్‌టాప్ తెరవగానే మొదట కనిపించింది ఏమిటో తెలుసా? వరుడు గిరిధర్, వధువు భావన, ఇరవై ఏడు గుణాలు, వివాహం శుభప్రదం. చదువుతుంటే నా కండ్లు చెమ్మగిల్లాయి. మా పిల్లను నోరు తెరిచి అడగలేక, నా ల్యాప్‌టాప్‌తోనే అడిగించావు. మేనరికం అడగడానికి ఇంత సిగ్గా? మేనత్త కూతురి మీద హక్కు ముందు నీదే కదా.

హుజూర్‌నగర్ అమ్మాయి పేరు ఎందుకు ఎత్తావో కూడా ఇప్పుడు అర్థమైంది. నేను ఏమంటానో చూద్దామని ముందు వేరే పేరు విసిరావు. నా దగ్గరికి వచ్చే పిల్లగాండ్లంతా ఇట్లనే చేస్తారు.

మీ నాయనకు చెప్పాను. "లీలా, ఇన్నేండ్లకు నా కడుపు సల్లగయింది" అని మిల్లులో పనివాళ్లందరికీ మిఠాయి పంచాడట. వచ్చే ఆదివారం తాంబూలాలు మార్చుకుందామన్నాడు. నీకు ఫోన్ చేస్తానంటే నేనే వద్దన్నాను, సిగ్గుపడతావని.

మీ అత్త,
లీలావతి.

తా.క.: మీ మామ అప్పుడే నీ ఫొటోకు మార్కులు వేశాడు. పదికి ఆరు. నేను కోప్పడితే ఏడు చేశాడు.


కోదాడ,
గురువారం సాయంత్రం.

అత్తమ్మకు అర్జెంటుగా నమస్కారాలు.

మంగ్త్యా వ్యాన్ స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు, ఆపి రాస్తున్నాను. అత్తమ్మా, మీరు పొరపాటు పడ్డారు. భావన పుట్టిన తేదీ, సమయం నాకు నోటికి తెలుసు కాబట్టి పరీక్షకు కొట్టాను. అంతే. ఇంకేం లేదు. భావన నాకు చెల్లెలు లాంటిది. దయచేసి నాన్నను ఆపండి. నేను చెప్పింది గీతాంజలి గురించి. గీతాంజలి, హుజూర్‌నగర్, జిరాక్స్ సెంటర్.

గిరిధర్.

తా.క.: పదికి ఏడు ఏ లెక్కన, అత్తమ్మా?


సూర్యాపేట,
శుక్రవారం.

చిరంజీవి గిరిధర్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి భావన పడీ పడీ నవ్వింది. "అమ్మా, బావ వరసైనోడు చెల్లె అంటుండు, కోదాడల వరసలు గూడ మార్చిండ్రా?" అన్నది. మేనత్త కూతురు చెల్లెలు ఎట్లయితదిరా? ఆ మాట మీ నాయన వింటే కంప్యూటర్ల షాపు మూయించి వడ్ల బస్తాల దగ్గర కూర్చోబెడతాడు.

నేను తొందరపడే మనిషిని కాదు. మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచి నిదానంగా చూశాను. నీకూ గీతాంజలికీ ఇరవై ఏడు. నీకూ భావనకూ ఇరవై ఏడు. ఇద్దరికీ సరిసమానంగా వచ్చినప్పుడు బయటి పిల్ల కంటే ఇంటి పిల్ల ముందు. ఇది నేను పెట్టిన న్యాయం కాదు, తాతల నాటిది. గీతాంజలికి ఒక్క గుణం ఎక్కువ వచ్చినా నీ మాటే వినేదాన్ని. రాలేదు, ఏం చేస్తాం?

కాబట్టి ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని రా. మీ నాయన మిర్యాలగూడ నుంచి నేరుగా వస్తాడు. తమలపాకులు మీ మామ తెస్తాడు. ఇంకేమైనా చెప్పేది ఉంటే ఈలోపే చెప్పు. తాంబూలాలు మారాక మా ఇంట్లో మాట మారదు.

మీ అత్త,
లీలావతి.

తా.క.: చిన్నప్పుడు దాని పెన్సిళ్లన్నీ నువ్వే ఎత్తుకుపోయావని, అవి తిరిగిచ్చాకే పీటల మీద కూర్చుంటానని భావన షరతు పెట్టింది. ఆడపిల్ల అడగక అడిగింది, చూడు.


కోదాడ,
శనివారం.

పూజ్యులైన అత్తమ్మకు గిరిధర్ నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం చదివాక మీరు నాతో మాట్లాడకపోవచ్చు. అయినా రాయక తప్పదు. చదివేముందు మామయ్యను పక్కన కూర్చోబెట్టుకోండి.

మీ జాతకాల సాఫ్ట్‌వేర్ అసలుది కాదు, నమూనా. తెరిచిన ప్రతిసారీ ఇంగ్లీషులో ఒక పెట్టె వస్తుంది కదా, మీరు 'తర్వాత' అని నొక్కేస్తారు కదా. పూర్తి సొమ్ము కట్టి నంబరు తెచ్చుకునేదాకా అసలు లెక్క వేయనని, ఊరికే ఒక నమూనా అంకె చూపిస్తానని అందులో రాసి ఉంటుంది. ఆ నమూనా అంకె ఇరవై ఏడు. ఎవరి పేర్లు కొట్టినా ఇరవై ఏడే. గీతాంజలితో వచ్చినప్పుడు నేనూ ఎగిరి గంతేశాను. ఆనందం పట్టలేక భావన పేరు కొట్టి చూశాను, ఇరవై ఏడు. అనుమానం వచ్చి, పక్కనే టీ తాగుతున్న మంగ్త్యా పుట్టిన తేదీ అడిగి వధువు దగ్గర కొట్టాను. ఇరవై ఏడు, వివాహం శుభప్రదం. వాడు ఊరుకోకుండా, "మా బర్రెది గూడ కొట్టి సూడు అన్నా" అన్నాడు. అత్తమ్మా, నాకూ మంగ్త్యా వాళ్ల బర్రెకూ ఇరవై ఏడు గుణాలు కలిశాయి.

ఇది మీకు చెప్తే ఇన్నేళ్ల మీ పేరు, మీ పని ఏమైపోతాయోనని నోరు మూసుకున్నాను. మీరు నడిపింది ఉత్త వ్యాపారం కాదు. ఎన్ని ఇళ్లు నిలబెట్టారో నాకు తెలుసు. కానీ నేను నోరు మూసుకుంటే భావనకు అన్యాయం, గీతాంజలికి ఇంకా అన్యాయం.

ఇంకో సంగతి. నేను వేసిన కొత్త సాఫ్ట్‌వేర్ నిజంగా లెక్క వేస్తుంది. అందులో నాకూ గీతాంజలికీ పదకొండే వచ్చాయి. పద్దెనిమిదికి చాలా తక్కువ. దాచడం నాకిష్టం లేదు, అందుకే రాస్తున్నాను. ఇరవై ఏడైనా పదకొండైనా నేను చేసుకునేది గీతాంజలినే. మీ ల్యాప్‌టాప్ సాయం నాకు అక్కర్లేదు.

ఇందాక నాన్నకు ఫోన్ చేసి నేనే చెప్పాను. అంతా విని, "లీల ల్యాప్‌టాప్ ఏమన్నది?" అన్నాడు. అది ఏమన్నా నేను ఆ అమ్మాయినే చేసుకుంటానన్నాను. తాంబూలాలకు రానని కూడా చెప్పాను. "ఏం తాంబూలాలురా?" అన్నాడు. మిల్లు చప్పుడులో నా మాట సరిగ్గా వినబడలేదనుకుంటా.

భావనకు క్షమాపణ చెప్పండి. ఇక మీరు ఏ శిక్ష వేసినా సరే.

మీ అల్లుడు,
గిరిధర్.

తా.క.: డజను పెన్సిళ్లు పంపుతున్నాను. అది శుభసూచకంగా తీసుకోవద్దు. బాకీ తీర్చుకోవడం మాత్రమే.


సూర్యాపేట,
ఆదివారం.

చిరంజీవి గిరిధర్‌కు మీ అత్త లీలావతి మనసారా దీవించి రాయునది.

బతికించావురా నాయనా! ఇంకొక్క ఉత్తరం ఆలస్యమైతే నిజంగానే తమలపాకులు తేవాల్సి వచ్చేది.

ఆ ఇంగ్లీషు పెట్టెలో ఏముందో భావన ఎనిమిదో తరగతిలోనే చదివి చెప్పింది. అంతకుముందే నాకు తెలుసు. ఒకరోజు పరాకున ఒకే అబ్బాయి వివరాలు రెండు వైపులా కొట్టాను. ఇరవై ఏడు వచ్చింది. వాణ్ణి వాడే పెళ్లి చేసుకోవచ్చట, శుభప్రదమట. ఆ రోజు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత ఆలోచిస్తే ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ దొరకదనిపించింది.

జాతకాల పట్టింపు ఉన్నవాళ్లు ఎలాగూ వాళ్ల పంతులుకు చూపించుకుంటారు. నా పని ఇండ్లు చూడటం. ఆ ఇంటి కోడలు నీళ్లిచ్చేటప్పుడు అత్త మొహం ఎట్లా ఉందో చూస్తాను. పిల్లగాడు ఆటో అతనితో ఎట్లా మాట్లాడతాడో చూస్తాను. నచ్చితే ల్యాప్‌టాప్ తెరుస్తాను, ఇరవై ఏడు వస్తుంది, అందరికీ సంతోషం. నచ్చకపోతే ల్యాప్‌టాప్ తెరుచుకోదు. "వేడెక్కింది, రేపు రండి" అంటాను. మర్నాడు "ఇయ్యాల్ల గూడ మొరాయిస్తున్నది" అంటాను. మూడోసారికి వాళ్లే, "ఈ సంబంధం దేవునికే ఇష్టం లేనట్టున్నది" అని లేచిపోతారు. మీ అబ్బాయి తాగుబోతు అని ఎవరి మొహాన చెప్పగలనురా? వాళ్లూ నొచ్చుకోరు, నేనూ చెడ్డదాన్ని కాను.

పాతదానితో నా తిప్పలు ఏంటంటే, ఈమధ్య నేను చెప్పినప్పుడు కాకుండా దాని ఇష్టం వచ్చినప్పుడు మొరాయిస్తోంది. సుగుణమ్మ మనవరాలికి బంగారంలాంటి పిల్లగాణ్ణి చూసి తెరిస్తే, లేవనే లేదు. అందుకే నీకు పంపాను. నువ్వేమో మూత తీయగానే తెరుచుకునేది పంపావు! పాతదాన్ని కూడా నున్నగా బాగుచేసి పెట్టావు! నిన్న తాగుబోతు పిల్లగాని తల్లి వచ్చి ముందు కూర్చుంది. రెండూ టక్కుమని తెరుచుకున్నాయి. నాకు చెమటలు పట్టాయి. చివరికి మీ మామ గుండె పట్టుకుని పడిపోయినట్టు నటించాల్సి వచ్చింది. బాగానే నటించాడు, పదికి ఎనిమిది వేశాను.

ఇక నీ సంగతి. నువ్వు కొట్టిన పేర్లన్నీ మొదటిరోజే చూశాను, బర్రెతో సహా. మా రహస్యం నీకు తెలిసిందని అప్పుడే అర్థమైంది. అల్లుడివి, మీ నాయనకు నేను ఒక్క ఫోన్ చేస్తే నీ పని అయిపోయేది. కానీ నేను ఏ పిల్లను ఇప్పించినా, ముందు పిల్లగానికి నోరుందా లేదా చూస్తాను. నోరు లేనివాడికి పిల్లను కట్టబెడితే, రేపు అత్త ఒకటి అన్ననాడు ఆ పిల్ల పక్కన నిలబడేదెవరు? ఆ ఉసురు నాకే తగులుతుంది. నువ్వు నా ల్యాప్‌టాప్ చాటున దాక్కుని పెళ్లి చేసుకుందామనుకున్నావు. అందుకే భావనతో కలిసి కొంచెం మంట పెట్టాను. మీ నాయనకు తాంబూలాల సంగతి నేను చెప్పనేలేదు. మిల్లులో మిఠాయీ లేదు, ఏమీ లేదు. నువ్వు ఫోన్ పెట్టేయగానే ఆయన నాకు చేశాడు. "లీలా, మా వాడు నాకు ఎదురు మాట్లాడిండు!" అన్నాడు. కోపం అనుకున్నావా? గొంతులో సంతోషం దాగలేదు. వడ్ల బేరంలో పనికొస్తాడని ధైర్యం వచ్చిందట.

పోయిన మంగళవారమే హుజూర్‌నగర్ పోయి వచ్చాను. ఒక పాత కాగితం ఇచ్చి జిరాక్స్ తీయమన్నాను. ఒక్కోసారి ఒక్కో వంక పెట్టాను. పెద్దగా తీయమన్నా, చిన్నగా తీయమన్నా, మళ్లీ మొదటిలాగే తీయమన్నా. విసుక్కోలేదు. చివరికి కుర్చీ తెచ్చి వేసి, "అమ్మా, మీరు జిరాక్స్‌కు రాలే. ఎవర్ని సూడనీకి వచ్చిండ్రో చెప్పుండ్రి, చాయ్ తెప్పిస్త" అన్నది. చాయ్ తాగి వచ్చాను. ఇన్నేళ్లలో నన్ను పట్టుకున్న పిల్ల ఇది ఒక్కతే. నీకు తక్కువ పిల్లేం దొరకలేదు.

మీ నాయనతో ఇరవై ఏడు అని చెప్పాను. మా ల్యాప్‌టాప్‌లో వచ్చిందే చెప్పాను, ఒక్క గుణం కలపలేదు. ఆ పదకొండు సంగతి నీ నోట ఇక రానీయకు, నోరు ఉందని ప్రతిదీ చెప్పనక్కర్లేదు. గురువారం అందరం కలిసి హుజూర్‌నగర్ పోతున్నాం.

ఒక్క పని చేసిపెట్టు. కొత్తదానికి మొరాయించడం నేర్పించు. ఎవరికీ కనిపించని చోట ఒక మీట పెట్టు. నేను నొక్కితే ఫ్యాన్ గట్టిగా మోగి, అద్దం నల్లబడి, చచ్చినట్టు పడి ఉండాలి. ఎన్నిసార్లంటే అన్నిసార్లు మామను పడేయలేను, వయసైపోయింది.

ఇట్లు,
మీ అత్త,
లీలావతి.

తా.క.: నువ్వు వేసిన కొత్త సాఫ్ట్‌వేర్ నిజం లెక్క వేస్తుందన్నావు కదా, రాత్రి ఊరికే నా పేరు, మీ మామ పేరు కొట్టి చూశాను. ముప్పై ఆరుకు ఆరు. ఒంటరిగా కూర్చుని కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. మామకు చెప్పలేదు. ఇప్పుడు కూడా వరండాలో ఎవరితోనో, "మాకు ఇరవై ఏడు కలిసినయి, అందుకే ఇన్నేండ్లు గిట్ల నడిసింది" అని చెప్తున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం వెంటనే తీసేయి.